కంపైలర్ మారిస్తే లైబ్రరీలూ మళ్లీ కట్టాల్సిందే

ఈ నెల వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఎమ్‌స్క్రిప్టెన్ చుట్టూనే తిరిగాయి. సీ, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన నేటివ్ కోడ్‌ని బ్రౌజర్‌లో నడిచే వెబ్‌అసెంబ్లీగా (పొట్టిగా వాస్మ్) మార్చి, దాన్ని నడిపించడానికి పక్కన ఒక జావాస్క్రిప్ట్ ఫైల్ కూడా తయారుచేసి ఇచ్చే కంపైలర్ టూల్‌కిట్ ఇది. ఒకసారి సెటప్ కుదిరాక ఎవరూ దాని జోలికి పోరు, ఏళ్లు గడిచాక ఒకరోజు అప్‌డేట్ చేయక తప్పదు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ప్రశ్నల్ని కొంచెం కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: ఫొటోలు ఎడిట్ చేసే సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్ ఒకటి నా చేతికి వచ్చింది. ఎమ్‌స్క్రిప్టెన్ 1.38తో కట్టారు, కట్టినవాళ్లు ఇప్పుడు లేరు. ఎమ్‌స్క్రిప్టెన్ వెర్షన్లు దించి మార్చే ఈఎమ్‌ఎస్‌డీకే టూల్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ లేటెస్ట్ అని కొడితే మొదట వెర్షనే పెద్దగా మారలేదు. తర్వాత తంటాలు పడి కొత్తది తెచ్చాను గానీ, ఇప్పుడు లింకింగ్ (కంపైల్ అయిన ముక్కల్ని కలపడం) దగ్గర "మెషీన్ టైప్ వాస్మ్32 అయి ఉండాలి" అంటూ ఆగిపోతోంది. ఇమేజ్ లైబ్రరీలు మాత్రం పాత ఫైళ్లే వాడుతున్నాను. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు: ముందు ఆ వెర్షన్ మారకపోవడం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే చిక్కుకుంటారు. లేటెస్ట్ అంటే ఏ వెర్షన్ అన్నది ఈఎమ్‌ఎస్‌డీకే ఇంటర్నెట్‌లో వెతకదు, మీ ఫోల్డర్‌లోనే ఉన్న ఒక జేసన్ ఫైల్‌లో చూసుకుంటుంది. ఆ ఫైల్ పాతదైతే దానికి తెలిసిన లేటెస్టూ పాతదే. అందుకని ముందు ఆ ఫోల్డర్‌లో గిట్ పుల్ చేసి ఆ ఫైల్‌ని కొత్తది చేసుకోవాలి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్, దాని వెనక యాక్టివేట్, చివర్లో ఎన్విరాన్‌మెంట్ స్క్రిప్ట్. ఇన్‌స్టాల్ డౌన్‌లోడ్ చేస్తుంది, యాక్టివేట్ కాన్ఫిగ్ ఫైల్ రాస్తుంది, స్క్రిప్ట్ మాత్రం ఆ ఒక్క టెర్మినల్‌కే పాత్ సెట్ చేస్తుంది. కొత్త టెర్మినల్ తెరిస్తే మళ్లీ నడపాల్సిందే. ఇవన్నీ అయ్యాక ఈఎమ్‌సీసీకి (ఎమ్‌స్క్రిప్టెన్ కంపైలర్ కమాండ్) వెర్షన్ అడిగి చూడండి. ఇంకా పాత నంబరే చెబుతుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీల నుంచి ఎప్పుడో ఎవరో పెట్టిన ఇంకో ఎమ్‌స్క్రిప్టెన్ పాత్‌లో ముందు దొరుకుతోందని అర్థం. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పాత ఎమ్‌స్క్రిప్టెన్ కాన్ఫిగ్ ఫైల్ మిగిలిందేమో కూడా చూడండి. పాత వెర్షన్లు కాన్ఫిగ్‌ని అక్కడ రాసేవి, కొత్తవి ఈఎమ్‌ఎస్‌డీకే ఫోల్డర్‌లోనే రాస్తాయి. ఆ పాత ఫైల్ అక్కడ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

ఇక అసలు విషయం, ఆ లింకింగ్ ఎర్రర్. మీరు దాటింది చిన్న గట్టు కాదు. 1.38 రోజుల్లో ఎమ్‌స్క్రిప్టెన్ ఫాస్ట్‌కాంప్ అనే సొంత బ్యాకెండ్ (చివరి కోడ్ తయారుచేసే భాగం) వాడేది, అది ఎల్‌ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ల పునాది ప్రాజెక్ట్‌ని తమకు కావలసినట్టు మార్చుకుని తయారుచేసుకున్నది. 2019 అక్టోబర్‌లో వచ్చిన 1.39.0 నుంచి ఎల్‌ఎల్‌వీఎమ్‌లోనే ఉన్న వెబ్‌అసెంబ్లీ బ్యాకెండ్ డిఫాల్ట్ అయింది. 2020 ఆగస్టులో 2.0.0 వచ్చేసరికి ఫాస్ట్‌కాంప్‌ని పూర్తిగా తీసేశారు. పాత పద్ధతిలో ఆబ్జెక్ట్ ఫైల్ (ఒక్కో సోర్స్ ఫైల్ కంపైల్ అయితే వచ్చేది) అంటే లోపల ఉండేది ఎల్‌ఎల్‌వీఎమ్ బిట్‌కోడ్ అనే మధ్యస్థ రూపం, అసలు కోడ్ తయారయ్యేది చివరి లింకింగ్‌లోనే. ఇప్పుడు ఆబ్జెక్ట్ ఫైల్‌లోనే వెబ్‌అసెంబ్లీ కోడ్ ఉంటుంది, వాటిని వాస్మ్-ఎల్‌డీ అనే లింకర్ కలుపుతుంది. ఫైల్ పేరూ ఎక్స్‌టెన్షనూ అవే, లోపలి సరుకు వేరు. మీ పాత ఇమేజ్ లైబ్రరీల్ని చూసి లింకర్ "ఇది నా భాష కాదు" అంటోంది, అంతే.

నిజానికి మీకు ఎర్రర్ రావడమే మంచిదైంది. ఒక వెర్షన్‌తో కట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇంకో వెర్షన్‌తో కట్టినవాటితో సరిగ్గా కలుస్తాయన్న హామీ ఎమ్‌స్క్రిప్టెన్ ఎప్పుడూ ఇవ్వలేదు. దగ్గరి వెర్షన్ల మధ్య అవి ఏ గొడవా లేకుండా లింక్ అయిపోతాయి, భయపడాల్సింది అప్పుడే. ఒక్క ఉదాహరణ చూడండి. సమయం దాచే టైమ్_టీ అనే రకం ఒకప్పుడు 32 బిట్లు, ఇప్పుడు 64. ఫొటో తీసిన సమయం దాచుకునే స్ట్రక్చర్ మీ కోడ్‌లో ఉందనుకోండి, దాన్ని పాత లైబ్రరీ 4 బైట్ల లెక్కన రాస్తుంది, కొత్తగా కంపైల్ చేసిన మీ కోడ్ 8 బైట్ల లెక్కన చదువుతుంది. ఆ తర్వాత ఉన్న వెడల్పు, ఎత్తు, రంగుల సంఖ్య అన్నీ పక్కకు జరిగిపోతాయి. కంపైలర్ ఏమీ అనదు, లింకర్ ఏమీ అనదు, స్క్రీన్ మీద ఫొటో మాత్రం చెత్తగా వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి రోజులు పడుతుంది. అందుకే కంపైలర్ మార్చిన రోజే ప్రతి లైబ్రరీనీ సోర్స్ నుంచి మళ్లీ కట్టండి, మినహాయింపు ఏదీ పెట్టుకోవద్దు.

కట్టేటప్పుడు పాత బిల్డ్ ఫోల్డర్‌ని శుభ్రంగా తీసేయండి. బిల్డ్ నడిపే సీమేక్ తన క్యాష్‌లో కంపైలర్ దారి రాసుకుంటుంది కాబట్టి పాత ఫోల్డర్‌లో మళ్లీ నడిపితే పాత కంపైలర్ దగ్గరికే వెళ్లొచ్చు. కొత్త ఫోల్డర్‌లో ఈఎమ్‌సీమేక్‌తో (సీమేక్‌ని ఎమ్‌స్క్రిప్టెన్‌తో నడిపే కమాండ్) మొదట్నుంచి మొదలుపెట్టండి. మీది ఇమేజ్ పని కాబట్టి ఇంకో సుఖం ఉంది, లిబ్‌పీఎన్‌జీ, లిబ్‌జేపెగ్, జీలిబ్ లాంటివి ఎమ్‌స్క్రిప్టెన్ పోర్ట్స్ అనే సిద్ధమైన లైబ్రరీల జాబితాలో దొరుకుతాయి. యూజ్_లిబ్‌పీఎన్‌జీ లాంటి ఫ్లాగ్ కంపైల్‌లోనూ లింక్‌లోనూ ఇస్తే సోర్స్‌ని అదే తెచ్చుకుని, మీ కొత్త కంపైలర్‌తోనే కట్టి కలుపుతుంది. చేత్తో మోసుకొస్తున్న పాత ఫైళ్లలో సగం ఇలా వదిలించుకోవచ్చు. సోర్స్ పోయిన లైబ్రరీ ఏదైనా ఉంటే మాత్రం దాని ప్రస్తుత వెర్షన్ వెతుక్కుని కోడ్ సర్దుకోవడమే, అడ్డదారి లేదు.

ఒక్కసారిగా 1.38 నుంచి ఇవాళ్టి వెర్షన్‌కి దూకమని నేను చెప్పను. 2.0 సిరీస్‌లో ఒకచోట ఆగి ప్రాజెక్ట్ నడిచేలా చూసుకోండి, అక్కడి నుంచి 3.1కి, ఆ తర్వాత 2025 జనవరిలో మొదలైన 4.0 సిరీస్‌కి రండి. ప్రతి మెట్టు మీదా ఏది విరిగిందో తెలుస్తుంది, అన్నీ ఒకేసారి విరిగితే ఏ దారం పట్టుకుని లాగాలో కూడా తెలియదు. ఒక చిన్న జాగ్రత్త: ఈఎమ్‌ఎస్‌డీకేలో కొత్త వెర్షన్ దించితే అప్‌స్ట్రీమ్ అనే ఫోల్డర్‌లో పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. రెండూ పక్కపక్కన కావాలంటే ఈఎమ్‌ఎస్‌డీకేనే రెండు వేర్వేరు ఫోల్డర్లలో క్లోన్ చేసుకోండి.

ప్రశ్న: వెర్షన్ మార్చాం, లైబ్రరీలన్నీ మళ్లీ కట్టాం, అంతా కంపైల్ అయింది. కానీ ఒక్క ఫంక్షన్ పిలిస్తే చాలు "మెమరీ యాక్సెస్ అవుట్ ఆఫ్ బౌండ్స్" అని పడిపోతోంది. పాత వెర్షన్‌లో అదే కోడ్ ఏళ్ల తరబడి నడిచింది. కొత్త కంపైలర్‌లో బగ్ ఉందా?

జవాబు: కంపైలర్‌ని అనుమానించే ముందు ఆ ఫంక్షన్‌లో పెద్ద లోకల్ అర్రే ఏదైనా ఉందేమో చూడండి. ఉంటుందనే నా నమ్మకం. 2022లో వచ్చిన 3.1.27లో డిఫాల్ట్ స్టాక్ (ఫంక్షన్ల లోకల్ డేటా ఉండే మెమరీ) సైజ్‌ని 5 ఎంబీ నుంచి 64 కేబీకి తగ్గించారు. ఇది నాకు స్వయంగా తగిలిన దెబ్బ. 100 వరసలు, 100 నిలువులు ఉన్న డబుల్ గ్రిడ్ ఒకటి ఫంక్షన్ లోపల లోకల్‌గా రాసి ఉంది. చూడ్డానికి చిన్నదే, లెక్కేస్తే 100 ఇంటూ 100 ఇంటూ 8, అంటే 80,000 బైట్లు. మొత్తం స్టాక్ ఉన్నది 65,536 బైట్లు. ఆ ఒక్క అర్రేకే చోటు చాలదు. రెండు రోజులు వేరే వేరే చోట్ల వెతికాను, ఎందుకంటే ఎర్రర్ ఆ గ్రిడ్ ఉన్న లైన్ దగ్గర కాకుండా దానికి సంబంధమే లేని ఇంకో ఫంక్షన్‌లో కనబడేది.

అలా ఎందుకంటే, వెబ్‌అసెంబ్లీలో మీ సీ స్టాక్, గ్లోబల్ డేటా, హీప్ అన్నీ ఒకే పొడవాటి మెమరీలో పక్కపక్కన ఉంటాయి. నేటివ్‌లో స్టాక్ చివర కాపలాగా ఉండే గార్డ్ పేజీ ఇక్కడ లేదు. హద్దు దాటినా కొన్నిసార్లు ఏమీ తెలియదు, పక్కవాళ్ల డేటా మీద రాసుకుంటూ పోతుంది. మీరు టెస్టింగ్ బిల్డ్‌లో అసర్షన్స్ (అదనపు తనిఖీలు) ఆన్ చేసి, స్టాక్_ఓవర్‌ఫ్లో_చెక్‌ని 2గా పెట్టి నడపండి, హద్దు దాటిన చోటే ఆగి స్టాక్ ఓవర్‌ఫ్లో అని చెబుతుంది. తాత్కాలికంగా లింక్ ఫ్లాగ్‌లో స్టాక్_సైజ్‌ని 5 ఎంబీ అని ఇస్తే పాత రోజుల్లాగే నడుస్తుంది. పాత బిల్డ్ స్క్రిప్ట్‌లో టోటల్_స్టాక్ అని కనిపిస్తే అది ఇదే సెట్టింగ్‌కి పాత పేరు. ఆ తర్వాత తీరిగ్గా పెద్ద అర్రేల్ని వెక్టర్‌లోకి మార్చండి, అదే సరైన మందు. థ్రెడ్లు వాడుతుంటే వాటి స్టాక్‌కి వేరే సెట్టింగ్ ఉంది, దాన్నీ చూడండి.

ఇంకొక మాట. మీ ఎర్రర్‌లో "ఫంక్షన్ సిగ్నేచర్ మిస్‌మ్యాచ్" అని ఉంటే అది వేరే జబ్బు. రెండు ఆర్గ్యుమెంట్ల కాల్‌బ్యాక్‌ని క్యాస్ట్ చేసి మూడు ఆర్గ్యుమెంట్లతో పిలిచినా నేటివ్‌లో చాలాసార్లు నడిచిపోతుంది. వెబ్‌అసెంబ్లీ మాత్రం పాయింటర్ ద్వారా పిలిచే ప్రతిసారీ సిగ్నేచర్ సరిచూస్తుంది, తేడా ఉంటే అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆ క్యాస్ట్‌ని కోడ్‌లోనే సరిచేయండి. ఎమ్యులేట్ చేసే ఫ్లాగ్ ఉంది గానీ ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది, సైజు పెరుగుతుంది.

ప్రశ్న: మా దగ్గర అన్నీ బాగానే నడుస్తున్నాయి. సర్వర్ మీద కొత్త బిల్డ్ పెట్టిన రోజు మాత్రం కొందరు యూజర్లకు "లింక్ ఎర్రర్, ఇంపోర్ట్ ఒక ఫంక్షన్ కాదు" అని వస్తోంది. పేజీని గట్టిగా రీఫ్రెష్ చేస్తే పోతోంది. అందరికీ ఫోన్ చేసి రీఫ్రెష్ చేయమని చెప్పలేం కదా!

జవాబు: చెప్పలేరు, చెప్పాల్సిన పనీ లేదు. ఎమ్‌స్క్రిప్టెన్ ఇచ్చే జావాస్క్రిప్ట్ ఫైల్, వాస్మ్ ఫైల్ ఒకే బిల్డ్‌లో పుట్టిన జంట. బ్రౌజర్ తన క్యాష్‌లోంచి పాత జావాస్క్రిప్ట్ తీసి, సర్వర్ నుంచి కొత్త వాస్మ్ తెచ్చి కలపబోతే ఇలాగే అవుతుంది. ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌లో ఇంపోర్ట్ పేర్లను ఏ, బీ, సీ అని ఒక్కో అక్షరానికి కుదించేస్తారు. నిన్నటి బిల్డ్‌లో బీ అంటే ఫైల్ రాసే ఫంక్షన్, ఇవాళ్టి బిల్డ్‌లో బీ అంటే మెమరీ పెంచే ఫంక్షన్ కావచ్చు. కాబట్టి ఎర్రర్ రానప్పుడు కూడా మీరు క్షేమంగా ఉన్నట్టు కాదు, పేరు కలిసి పని కలవకపోతే ఇంకా ప్రమాదం.

రెండు ఫైళ్ల పేర్లలోనూ ఒకే బిల్డ్ హ్యాష్ (ప్రతి బిల్డ్‌కీ మారే గుర్తు) పెట్టండి. జావాస్క్రిప్ట్ వైపు మాడ్యూల్‌లో లొకేట్‌ఫైల్ అనే ఫంక్షన్ రాస్తే వాస్మ్‌ని ఏ పేరుతో, ఏ దారిలో తేవాలో మీరే చెప్పొచ్చు. హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీని మాత్రం ఎక్కువసేపు క్యాష్ కానివ్వకండి. చిన్న ప్రోగ్రామ్ అయితే సింగిల్_ఫైల్ ఆప్షన్ కూడా ఉంది, వాస్మ్ జావాస్క్రిప్ట్ లోపలే ఇమిడిపోతుంది. పెద్ద ప్రోగ్రామ్‌కి నేను దాన్ని ఒప్పుకోను, వాస్మ్‌ని బేస్64గా (అక్షరాల రూపంలోకి) మార్చే వెర్షన్లలో దాని సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. సర్వర్ వాస్మ్ ఫైల్‌ని అప్లికేషన్/వాస్మ్ అనే రకంతో పంపుతోందో లేదో కూడా ఇదే పనిలో చూసేయండి. లేకపోతే డౌన్‌లోడ్ అవుతుండగానే కంపైల్ చేసుకునే సదుపాయం పోతుంది, పేజీ ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత, థ్రెడ్లు మెమరీ పంచుకోవడానికి వాడే షేర్డ్‌అర్రేబఫర్ లేదంటోంది. పాతికేళ్ల నాటి సీ కోడ్, పీథ్రెడ్స్ (సీ థ్రెడ్ల లైబ్రరీ) వాడుతుంది. టూల్‌కిట్ వల్లేనా?

జవాబు: కాదు, బ్రౌజర్ వల్ల. స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక 2018 జనవరిలో బ్రౌజర్లు షేర్డ్‌అర్రేబఫర్‌ని ఆపేశాయి. పేజీ మిగతా సైట్ల నుంచి విడిగా ఉంటానని ఒప్పుకుంటేనే ఇప్పుడు ఇస్తాయి. ఫైర్‌ఫాక్స్ 2020లో 79వ వెర్షన్‌తో ఈ పద్ధతిలోకి వచ్చింది, డెస్క్‌టాప్ క్రోమ్ 2021లో 92వ వెర్షన్ నుంచి ఇదే పట్టుబట్టింది. సర్వర్ రెండు హెడర్లు పంపాలి: క్రాస్-ఆరిజిన్-ఓపెనర్-పాలసీకి సేమ్-ఆరిజిన్, క్రాస్-ఆరిజిన్-ఎంబెడర్-పాలసీకి రిక్వైర్-కార్ప్. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, మీ మెషీన్‌లోనే లోకల్‌హోస్ట్ అయితే పర్వాలేదు. ఈ హెడర్లు పెట్టిన రోజు వేరే సైట్ల నుంచి తెస్తున్న బొమ్మలు, వీడియోలు, ఐఫ్రేమ్‌లు కొన్ని ఆగిపోతాయి, అవి కూడా అనుమతి హెడర్లు పంపాలి. కాబట్టి ముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూడండి.

ప్రశ్న: యూనిటీ గేమ్ ఇంజిన్‌తో చేసిన గేమ్‌లో మా సీ లైబ్రరీని వెబ్ కోసం కలుపుతున్నాం. దాన్ని లేటెస్ట్ ఎమ్‌స్క్రిప్టెన్‌తో కట్టొచ్చా?

జవాబు: వద్దు. యూనిటీ తన లోపల ఉన్న ఎమ్‌స్క్రిప్టెన్‌తోనే చివరి లింకింగ్ చేస్తుంది, మీ లైబ్రరీ కూడా అదే వెర్షన్‌తో కట్టాలి. యూనిటీ 2021.2లో అది 2.0.19, 2022.2లో 3.1.8, యూనిటీ 6లో 3.1.38. ఇన్‌స్టాల్ పక్కన లేటెస్ట్ బదులు ఆ నంబర్ ఇస్తే సరిపోతుంది. పైన మొదటి జవాబులో చెప్పిన కారణమే ఇక్కడా.

ప్రశ్న: కంపైల్ అవుతుంది, పేజీ తెరుచుకుంటుంది. కానీ పాయింటర్_స్ట్రింగిఫై లేదు, సీకాల్ లేదు, మా సొంత ఫంక్షన్లే లేవు అంటోంది. నేను విద్యార్థిని, పాత ట్యుటోరియల్ చూసి రాశాను.

జవాబు: మీ తప్పు లేదు, ట్యుటోరియల్ వయసైపోయింది. పాయింటర్_స్ట్రింగిఫైని తీసేశారు, దాని బదులు యూటీఎఫ్8టుస్ట్రింగ్ వాడండి. జావాస్క్రిప్ట్ నుంచి సీ ఫంక్షన్లు పిలిచే సీకాల్, సీవ్రాప్ లాంటివి మాడ్యూల్ మీద కావాలంటే ఎక్స్‌పోర్టెడ్_రన్‌టైమ్_మెథడ్స్ జాబితాలో అడగాలి, అడగనిదాన్ని సైజు తగ్గించడానికి తీసేస్తుంది. మీ సొంత ఫంక్షన్లని ఎక్స్‌పోర్టెడ్_ఫంక్షన్స్‌లో రాయాలి, ప్రతి పేరుకీ ముందు అండర్‌స్కోర్ పెట్టి. మెయిన్ ఫంక్షన్ ఉంటే దాన్ని కూడా ఆ జాబితాలో చేర్చడం మర్చిపోవద్దు. సీ ప్లస్ ప్లస్ అయితే ఎక్స్‌టర్న్ సీ పెట్టకపోతే పేరు కంపైలర్ చేతిలో మారిపోతుంది, ఎంత వెతికినా దొరకదు.

ప్రశ్న: మా ప్రోగ్రామ్ మూడేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. అసలు అప్‌డేట్ ఎందుకు చేయాలి?

జవాబు: సూటిగా చెబుతాను. మీ కోడ్ ఎవరూ ముట్టుకోవడం లేదు, బయటి ఫైళ్లు ఏవీ తీసుకోదు అంటే తొందర లేదు. 2017లో నాలుగు పెద్ద బ్రౌజర్లలోకి వచ్చిన వెబ్‌అసెంబ్లీ 2019 డిసెంబర్‌లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ ప్రమాణం అయింది, పాత వాస్మ్ ఫైళ్లు ఇవాళ్టి బ్రౌజర్లలో హాయిగా నడుస్తాయి. కానీ మీ ప్రోగ్రామ్ యూజర్లు పంపే ఫొటోలో, పీడీఎఫ్‌లో, వీడియోలో విప్పుతుంటే సంగతి వేరు. ఆ డీకోడర్ లైబ్రరీల్లో బయటపడిన భద్రతా లోపాలు మీ పాత బిల్డ్‌లో అలాగే కూర్చుని ఉంటాయి. వాటిని కొత్తవి చేయాలంటే ఏదో ఒకరోజు కంపైలర్ కూడా కదలాలి. మూడేళ్ల దూరం నడవడం కష్టమే, ఆరేళ్ల దూరం మొదటి ప్రశ్న అడిగినవారి పరిస్థితి.

నేనైతే ఏడాదికి రెండుసార్లు కదులుతాను. బిల్డ్ స్క్రిప్ట్‌లో లేటెస్ట్ అని ఎప్పుడూ రాయను, ఖచ్చితమైన నంబర్ రాస్తాను. లేటెస్ట్ అని ఉంటే సోమవారం కట్టింది, గురువారం కట్టింది వేరు వేరు కావచ్చు, ఏది ఎందుకు మారిందో ఎవరూ చెప్పలేరు. నంబర్ మార్చే ముందు ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసే ఎమ్‌స్క్రిప్టెన్ ఛేంజ్‌లాగ్ ఫైల్ తెరిచి, నా నంబర్ నుంచి కొత్త నంబర్ దాకా మొత్తం చదువుతాను. పైన చెప్పిన స్టాక్ సైజ్ మార్పు ఆ ఫైల్‌లో ఉంది. నేను అప్పుడు చదవలేదు, ఇప్పుడు చదువుతున్నాను.

ప్రశ్న: 3.1.20లో సరిగ్గా నడిచింది, 3.1.60లో నడవడం లేదు. ఎక్కడ పాడైందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మధ్యకి కొడుతూ వెళ్లండి. 3.1.40 ఇన్‌స్టాల్ చేసి, లైబ్రరీలతో సహా మొత్తం మళ్లీ కట్టి చూడండి. నడిస్తే 3.1.50, నడవకపోతే 3.1.30. ఐదారు ప్రయత్నాల్లో ఏ వెర్షన్‌లో విరిగిందో దొరుకుతుంది. ఆ ఒక్క వెర్షన్ ఛేంజ్‌లాగ్ చదివితే చాలాసార్లు కారణం అక్కడే రాసి ఉంటుంది. లేదంటే సమస్య కనిపించే అతి చిన్న ప్రోగ్రామ్ రాయండి, ముప్ఫై లైన్లు దాటకుండా, దానితోపాటు మీరు కొట్టిన పూర్తి కమాండ్, నడిచిన వెర్షన్, నడవని వెర్షన్ రాసి ఎమ్‌స్క్రిప్టెన్ గిట్‌హబ్‌లో ఇష్యూ పెట్టండి. మీ మొత్తం ప్రాజెక్ట్ జతచేసి "పని చేయడం లేదు" అని పెడితే చూసేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, రెండు వెర్షన్ నంబర్లూ ముప్ఫై లైన్లూ ఉంటే వాళ్లు తమ మెషీన్‌లో వెంటనే నడిపి చూడగలరు.